ఒక్క పాత్ర – రెండు గ్లాసులు



తపస్సుకాలపు మూడవ ఆదివారానికి శ్రీసభ నిర్ణయించిన సువిశేష పఠనాలలో సమరియ స్త్రీ వృత్తాంతం ఒకటి. యోహానుగారు తన సువార్త నాలుగవ అధ్యాయంలో దానిని ఎంతో వివరంగా వ్రాశారు. మిట్టమధ్యాహ్నం వేళ. నడిచి నడిచి అలసిన యేసు ప్రభువు యాకోబు బావి దగ్గర కూర్చున్నారు. ఒక సమరియ స్త్రీ కడవ పట్టుకుని నీళ్ళకు వచ్చింది. ప్రభువు ఆమెను దాహానికి నీళ్ళడిగారు. ఆమె నివ్వెరపోయింది. యూదుడు సమరియ స్త్రీని నీళ్ళడగడం ఆమె ఎన్నడూ ఎరుగదు.

ఈ వృత్తాంతం మీద మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. జీవజలం గురించి విన్నారు. ఆత్మయందు, సత్యమునందు ఆరాధన గురించి విన్నారు. ఆ స్త్రీ గత జీవితం గురించి కూడా విన్నారు. ఈ వారం ఆమె చేతిలోని కడవను గురించి కాసేపు ధ్యానిద్దాం.

ఆ కడవ ఎవరిది?

యూదులకు, సమరీయులకు పొత్తు లేదని సువార్తికుడు అక్కడే చెప్పారు. అక్కడ వాడిన గ్రీకు మాటకు ఒకే పాత్రను కలిసి వాడరు అనే అర్థం కూడా ఉందని బైబులు పండితులు వివరిస్తారు. ప్రభువు దగ్గర చేద లేదు. ఆ సంగతి ఆ స్త్రీయే ఎత్తిచూపింది. అంటే ఆయన నీళ్ళు తాగాలంటే ఆమె పాత్రతోనే తాగాలి. ఆమె పెదవులు తాకిన పాత్రకే తన పెదవులు తాకించాలి. తన ఊరివాళ్ళు మైల అనుకునే పాత్రను ఆయన తనంతట తానే అడిగి పుచ్చుకోబోయారు. తరువాత వచ్చిన బోధ అంతా ఆ ఒక్క అడగడంతోనే మొదలైంది.

మరొక సంగతి గమనించండి. ప్రభువు ఆమెకు దానం చేస్తూ సంభాషణ ప్రారంభించలేదు. ఆమె దగ్గర దానం అడుగుతూ ప్రారంభించారు. పేదవారికి పెట్టడం మనకు బాగా తెలుసు. క్రిస్మసుకు చీరలు పంచుతాం, తపస్సుకాలంలో బియ్యం పోగుచేసి ఇస్తాం. అది మంచిదే. కాని వారి ఇంట కూర్చుని, వారి గ్లాసుతో మంచినీళ్ళు తాగి ఎన్నాళ్ళయింది? పెట్టే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. పుచ్చుకున్నప్పుడే మనిషి మనిషికి సమానమవుతాడు.

మన పల్లెలలో రెండు గ్లాసులు

రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో పెద్దవారికి చెప్పనక్కరలేదు. పట్నంలో పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం చెప్పాలి. పల్లెలో టీ కొట్టు. పెద్ద కులాల వారికి గాజు గ్లాసులో టీ, బల్ల మీద కూర్చునే అవకాశం. మాల మాదిగలకు వేరే గ్లాసు. అది చూరులోనో గోడ గూటిలోనో ఉంటుంది. దానిని వారే తీసుకోవాలి, తాగాక వారే కడిగి పెట్టాలి. నేల మీద కూర్చునో నిలబడో తాగాలి. డబ్బు మాత్రం ఇద్దరిదీ ఒకే గల్లాపెట్టెలోకి వెళ్తుంది!

భారత రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దానిని శిక్షించే చట్టం వచ్చింది. 1989లో షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఇన్ని వచ్చినా గ్లాసు గూటిలోనే ఉండిపోయిన ఊళ్ళు మన తెలుగు నాట అనేకం. 1998లో ఏర్పడిన కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం వంటి సంస్థలవారు ఊరూరా తిరిగి, ఈ గ్లాసులను బయటపెట్టి, అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ తాగించే కార్యక్రమాలు చేశారు. తరువాత కాగితం కప్పులు, ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. తాగి పారేసే గ్లాసుకు కులం కనిపించదు. చాలా ఊళ్ళలో రోగం నయం కాకుండానే పుండు మీద గుడ్డ కప్పినట్లయింది.

నీళ్ళ దగ్గర మొదలైన గొడవ ఎంతవరకు పోతుందో అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడు మనకు చూపింది. 1985 జూలైలో దళితులు తాగే నీటి చెరువు దగ్గర పశువులను కడిగి నీటిని పాడుచేయడాన్ని వాడవారు ప్రశ్నించారు. అడ్డుపడిన వారిలో నీళ్ళకు వచ్చిన ఒక స్త్రీ ఉంది. తన మీద దెబ్బ పడబోతుంటే ఆమె చేతిలోని బిందెను పైకెత్తింది. ఆమె పేరు సువార్త. మరునాడు, జూలై 17న, వాడ మీద దాడి జరిగింది. ఆరుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు. స్త్రీలు మానభంగానికి గురయ్యారు. బతికి బయటపడిన కుటుంబాలు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నాయి. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 డిసెంబరు అయింది. అప్పటికి ఇరవై మూడు సంవత్సరాలు గడిచిపోయాయి.

సమరియ స్త్రీ కడవను, ఈ సువార్త బిందెను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక బావి దగ్గర ప్రభువు కడవను అడిగి ఒక స్త్రీకి గౌరవమిచ్చారు. మన చెరువు దగ్గర బిందె ఎత్తినందుకు ఒక వాడ వాడంతా నెత్తురు మడుగైంది. సువార్త అన్న పేరు పెట్టుకున్న బిడ్డకు జరిగినదానిని సువార్తను నమ్మిన మనం మరచిపోవచ్చునా?

మన నగరంలో దీపం పట్టినవారు

ఇదంతా పల్లెల గొడవ అని, మనం పట్నవాసులం అని అనుకోకండి. సమానత్వం కోసం పాటుపడినవారు మన నగరంలోనే, మన పేటలలోనే ఉన్నారు.

1888లో హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్య తరువాత భాగ్యరెడ్డి వర్మగా ప్రసిద్ధులయ్యారు. 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మాన్య సంఘాన్ని స్థాపించారు. వెలివాడ పిల్లలను ఎవరూ బడిలోకి రానివ్వని రోజులలో ఈసామియా బజారులోను, లింగంపల్లిలోను పాఠశాలలు తెరిచారు. అవి పెరిగి ఇరవై ఆరు అయ్యాయి, సుమారు 2500 మంది పిల్లలు చదువుకున్నారు. 1917లో బెజవాడలో జరిగిన మహాసభకు అధ్యక్షత వహించి, పంచములు అన్న పేరు తమకు వద్దని, ఈ నేల మీద మొదటివారమైన తాము ఆది ఆంధ్రులమని చాటారు. బాల్యవివాహాలు, జోగిని ఆచారం, తాగుడు మానమని తన వారికి కూడా గట్టిగా చెప్పారు. ఎదుటివారి అన్యాయాన్ని ప్రశ్నించిన నోటితోనే తన ఇంటిని సరిదిద్దుకోమన్నారు. సంస్కర్తకు ఉండవలసిన నిజాయితీ అది.

మన అశోక్‌నగర్‌లో నివసించి 2016 సెప్టెంబరులో కన్నుమూసిన న్యాయవాది బొజ్జా తారకంగారిని మీలో చాలామంది ఎరుగుదురు. కారంచేడు జరిగినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ మారణకాండకు నిరసనగా పదవికి రాజీనామా ఇచ్చి బాధితుల పక్షాన నిలిచారు. సామాన్యుడు తన హక్కులు తెలుసుకోవాలని "పోలీసులు అరెస్టు చేస్తే" అనే చిన్న పుస్తకం వ్రాశారు. పదవి ఉంటే ఏదో ఒకటి చేయవచ్చునని మనం అంటూ ఉంటాం. పదవి వదులుకుంటే తప్ప చేయలేని పని కూడా ఒకటుందని ఆయన చూపించారు.

వీరు మన జ్ఞానోపదేశ తరగతులలో చదివినవారు కారు. కాని ప్రభువు మంచి సమరీయుని ఉపమానం చెప్పినప్పుడు దేవాలయపు యాజకుని, లేవీయుని మెచ్చుకోలేదు. గాయపడిన మనిషి దగ్గర ఆగినవానిని మెచ్చుకున్నారు. మంచి ఎక్కడ కనిపిస్తే అక్కడ నేర్చుకోవడం విశ్వాసికి చిన్నతనం కాదు.

అది అమెరికా సంగతి కాదా?

జాతి వివక్ష అనగానే మనకు అమెరికాలోని నల్లవారు, దక్షిణాఫ్రికా గుర్తుకు వస్తాయి. మార్చి 21ని ప్రపంచమంతా జాతి వివక్ష నిర్మూలన దినంగా పాటిస్తుంది. 1960లో అదే రోజున దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లవారు మాత్రమే జేబులో పెట్టుకు తిరగవలసిన గుర్తింపు పత్రాలకు వ్యతిరేకంగా గుమికూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. దానికి ఒక రోజు ముందు తేదీకి మన దేశంలోనూ ఒక చరిత్ర ఉంది. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ మహద్ పట్టణంలో చౌదార్ చెరువు దగ్గరకు వేలాదిమందిని నడిపించి, ఆ నీటిని దోసిటితో తాగారు. అక్కడ నడిచే హక్కు, ఇక్కడ నీళ్ళు తాగే హక్కు. ఈ రెండు తేదీలూ చాలా ఏళ్ళు తపస్సుకాలంలోనే వస్తాయి. మన పశ్చాత్తాపానికి ఇవి కూడా విషయాలే.

జాతి వివక్షకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందాన్ని మన దేశం 1968లో ఆమోదించింది. 2001లో దర్బన్ నగరంలో ప్రపంచ సదస్సు జరిగినప్పుడు భారతదేశపు దళిత సంఘాలవారు వెళ్ళి, పుట్టుకను బట్టి మనిషిని తక్కువ చేయడం ఎక్కడైనా ఒకటేనని విన్నవించారు. కులం, జాతి ఒకటి కావని మన ప్రభుత్వం వాదించింది. కాని మరుసటి సంవత్సరమే, 2002లో, ఆ ఒప్పందం అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ, వంశాన్ని బట్టి చూపే వివక్షలో కులం కూడా చేరుతుందని స్పష్టం చేసింది.

మీ బిడ్డలలో ఎందరో అమెరికాలో ఉన్నారు. 2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథ్ పట్టణంలో హైదరాబాదు వాసి, ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లజాతీయుడు తుపాకితో కాల్చి చంపాడు. తమ దేశం విడిచి పొమ్మంటూ కాల్చాడు. చర్మం రంగే ఆయన చేసిన నేరం. ఆ రోజు మన నగరం ఎంత దుఃఖించిందో మీకు తెలుసు. ఆ రాత్రి అక్కడే ఉన్న ఇయాన్ గ్రిల్లట్ అనే మరో తెల్లజాతి యువకుడు హంతకుని ఆపబోయి తానూ తుపాకి గుండు తిన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం తన రంగువాడికే ఎదురు నిలిచాడు.

ఇప్పుడు మరొక సంగతి వినండి. దాదాపు ఆరేళ్ళకు, 2023 ఫిబ్రవరి 21న, అమెరికాలోని సియాటిల్ నగరపాలక మండలి కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికా నగరాలలో అదే మొదటిది. ఎందుకు చేయవలసి వచ్చింది? మనవాళ్ళు విమానంలో పచ్చళ్ళతో పాటు కులాన్ని కూడా మోసుకుపోయారు కనుక. రంగు చూసి మనలను తోసేస్తే మనకు న్యాయం కావాలి. కులం చూసి మనం తోసేసినవారికి న్యాయం అక్కరలేదా?

శ్రీసభ లోపల

ప్రియ విశ్వాసులారా, ఇక్కడి నుంచి మాట కాస్త కటువుగా ఉంటుంది. వైద్యుడు గాయాన్ని కడిగేటప్పుడు మంట పుడుతుంది. ఓర్చుకోవాలి.

తెలుగునాట కతోలిక విశ్వాసం రెండు ప్రవాహాలుగా వచ్చింది. 18వ శతాబ్దంలో యేసుసభ గురువుల కర్ణాటక మిషను కాలంలో కొన్ని వ్యవసాయ కులాల కుటుంబాలు జ్ఞానస్నానం పొందాయి. 19వ శతాబ్దం చివరి నుంచి మాల మాదిగ పల్లెలు పెద్ద సంఖ్యలో ప్రభువును అంగీకరించాయి. రెండు ప్రవాహాలూ ఒకే జ్ఞానస్నాన తొట్టిలో కలిశాయి. కాని దేవాలయం గడప దాటగానే మళ్ళీ వేరు వేరు కాలువలైపోయాయి. పొరుగు రాష్ట్రంలో తిరుచిరాపల్లి వద్ద కతోలికుల సమాధుల తోటలోనే కులాల మధ్య గోడ కట్టారంటే, ఈ రోగం మనిషి చచ్చాక కూడా వదలలేదన్నమాట!

ఇది కొత్త రోగం కాదు. పునీత పౌలు గలతీయులకు వ్రాసిన లేఖ రెండవ అధ్యాయం చూడండి. అంతియొకయలో పేతురుగారు అన్యజనులైన క్రైస్తవులతో కలిసి భోజనం చేసేవారు. యెరూషలేము నుంచి కొందరు రాగానే వారికి జంకి, ఆ పంక్తి నుంచి లేచి వేరుగా కూర్చున్నారు. ఆయన్ని చూసి మిగతావారూ లేచారు. పౌలుగారు ఊరుకున్నారా? ప్రభువు తాళపు చెవులిచ్చిన పేతురునే అందరి ఎదుట నిలదీశారు. అది మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని సరిపెట్టుకోలేదు. సువార్త సత్యానికే విరుద్ధమన్నారు. వేరు పంక్తి అనేది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న అని తొలినాడే తేలిపోయింది.

రెండవ వాటికన్ మహాసభ 1965లో ఆధునిక ప్రపంచంలో శ్రీసభను గురించిన తన పత్రంలో జాతి, రంగు, సామాజిక స్థితిని బట్టి చూపే ప్రతి వివక్షా దేవుని సంకల్పానికి విరుద్ధమని ప్రకటించింది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 1982లో తిరుచిరాపల్లిలో సమావేశమై కుల వివక్ష దేవునికీ మానవజాతికీ వ్యతిరేకమైన పాపమని చెప్పింది. 2003 నవంబరులో రెండవ జాన్ పాల్ పోపుగారు తమిళనాడు పీఠాధిపతులతో మాట్లాడుతూ క్రైస్తవుల మధ్య కుల దురభిమానపు ఛాయ సైతం ఉండరాదని హెచ్చరించారు. 2016 డిసెంబరులో మన పీఠాధిపతులు దళితుల సాధికారత కోసం ఒక విధాన పత్రమే వెలువరించారు. దేశంలోని సుమారు 1.9 కోట్ల కతోలికులలో 1.2 కోట్ల మంది దళితులేనని ఆ సందర్భంలో వెల్లడైంది. అంటే దళితులు శ్రీసభలో ఒక మూలన ఉన్నవారు కారు. వారే శ్రీసభలో అధిక భాగం.

మన హైదరాబాదు అగ్రపీఠానికి దేవుడు ఒక ప్రత్యేక భాగ్యం ఇచ్చాడు. దేశంలో అగ్రపీఠాధిపతి అయిన మొదటి దళితుడు మారంపూడి జోజిగారు 2000 నుంచి 2010లో మరణించేవరకు మన కాపరి. కర్నూలు నుంచి మన దగ్గరకు వచ్చిన పూల అంతోనిగారిని 2022 ఆగస్టు 27న పోపు ఫ్రాన్సిస్‌గారు కార్డినల్ చేశారు. తెలుగువారిలో మొదటి కార్డినల్ ఆయనే, దళితులలో మొదటి కార్డినల్ కూడా ఆయనే. మనం బాణసంచా కాల్చాం, మిఠాయిలు పంచుకున్నాం. మంచిదే. కాని కార్డినల్‌గారి ఉంగరాన్ని ముద్దుపెట్టుకున్న పెదవులు, ఆయన పుట్టిన సమాజంలోని మరో ఆడపడుచు ఇచ్చిన మంచినీళ్ళు తాగడానికి వెనుకాడితే ఆ ముద్దుకు అర్థమేమిటి?

ఒక వింత చూడండి. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వలేదు. మన తెలుగు నాట క్రైస్తవులైన దళితులు బి.సి. 'సి' వర్గంలో ఒక్క శాతం రిజర్వేషనుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇది అన్యాయమని ఏటా ఆగస్టు 10న నల్లజెండాలతో వీధికెక్కుతున్నాం. 2004 నుంచి సుప్రీంకోర్టు తలుపు తట్టాం. మా మధ్య కులం ఉంది, మావారు బాధపడుతున్నారు అని అక్కడ సాక్ష్యం చెబుతాం. మన విచారణలో ఎవరైనా అదే మాట అంటే మాత్రం, క్రైస్తవులలో కులమెక్కడిది, విభేదాలు తేవద్దు అంటాం. కోర్టులో ఒక సాక్ష్యం, కోవెలలో మరొక సాక్ష్యం! ఏది నిజం? రాజ్యాన్ని న్యాయం అడిగే మనం ముందు మన గడపలో న్యాయం చూపించవద్దా?

హిమాయత్‌నగర్ గల్లీలలో

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. హిమాయత్‌నగర్, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్. ఇక్కడ టీ కొట్టులో రెండు గ్లాసులు లేవు. ఇరానీ హోటల్లో ఒక కప్పు ఉదయం నుంచి రాత్రి వరకు వందమంది పెదవులను తాకుతుంది, ఎవరినీ నీ కులమేమని అడగదు. ఆ విషయంలో హోటలు కప్పుకు ఉన్న పుణ్యం మన వంటింటికి లేదు.

మొదటిది, గ్లాసు. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మకు టీ ఏ గ్లాసులో ఇస్తున్నారు? కిటికీ పక్కన, బోర్లించిన ఆ సొట్ట స్టీలు గ్లాసు ఎవరిది? మీ గ్లాసులన్నీ తోమేది ఆమె చేతులే. ఆమె తోమిన గ్లాసు మీకు శుభ్రం, ఆమె తాగిన గ్లాసు మైలా? శుభ్రత కోసమేనని చెబుతాం. చుట్టాలు వచ్చినప్పుడు ఎవరి ఆరోగ్యం అడిగి గ్లాసు ఇస్తున్నాం? అపార్టుమెంటులో పనివారు లిఫ్టు ఎక్కకూడదని బోర్డు పెట్టే తీర్మానానికి మన కతోలిక కుటుంబం కూడా చెయ్యెత్తిందా? బెల్జియం నుంచి వచ్చిన మఠకన్య జీన్ డివోస్ 1985లో ప్రారంభించిన జాతీయ గృహ కార్మికుల ఉద్యమం అడిగినది గొంతెమ్మ కోరిక కాదు. పనికి తగిన కూలి, వారానికొక సెలవు, మనిషికి తగిన మర్యాద. మన శ్రీసభ బిడ్డ నడిపిన ఉద్యమాన్ని మన వంటింట్లోకి రానివ్వడానికి ఏమి అడ్డు?

రెండవది, టూ లెట్ బోర్డు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ముందు ఉదయాన్నే వెళ్ళి చూడండి. గ్రూప్స్ పరీక్షలకు, పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలు పుస్తకాల సంచులతో కనిపిస్తారు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో, ఇరుకు గదులలో ముగ్గురు నలుగురు కలిసి ఉంటారు. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, ఆదిలాబాదు నుంచి వచ్చినవారు. గది చూడబోతే ఇంటివారు అద్దె చెప్పే ముందు ఊరు అడుగుతారు, తరువాత ఇంటిపేరు, చివరికి "మీరు ఏమోళ్ళు?" అంటారు. కొందరు మర్యాదగా, శాకాహారులకే ఇస్తామంటారు. ఆ మాటకు అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు. రేపు కలెక్టరు కాగల బిడ్డ ఇవాళ మెట్ల మీదనే వెనక్కి తిరిగిపోతున్నాడు. మీకు ఇల్లుంటే, పై అంతస్తులో ఒక గది ఖాళీగా ఉంటే, బెత్లెహేములో చోటు దొరకని ఆ దంపతులను గుర్తు తెచ్చుకోండి. మనం ఏటా పశువులపాక కట్టి దీపాలు పెడుతున్నాం కదా!

మూడవది, పెళ్ళి సంబంధం. ఇది అన్నిటికంటే కష్టమైనది. వధువు కావలెను, వరుడు కావలెను అనే ప్రకటనలలో ఆర్.సి. అనే రెండక్షరాల పక్కన కులం పేరు మనం ఎన్నిసార్లు చదవలేదు? గుడిలో మూడు ఆదివారాలు పెళ్ళి చాటింపులు చదివేటప్పుడు ఆటంకాలు ఎరిగినవారు తెలపమని గురువులు అడుగుతారు. శ్రీసభ చట్టంలో కులం ఆటంకం కాదు. మన మనసుల చట్టంలో మాత్రం అదే మొదటి ఆటంకం. ఇది ఎంతదూరం పోగలదో 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో చూశాం. దళిత క్రైస్తవ యువకుడు ప్రణయ్‌ను, గర్భవతియైన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా, ఆమె తండ్రి కిరాయికి పెట్టించిన హంతకుడు నరికి చంపాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. మనం కత్తి పట్టలేదు, నిజమే. కాని మా ఇంటికి ఆ సంబంధమా, చస్తే ఒప్పుకోం అని భోజనాల బల్ల దగ్గర అనే ప్రతి మాటా ఆ కత్తిని కాస్త సానపెడుతుంది.

మనం చేయగలిగినవి

పెద్ద పెద్ద సదస్సులు మన చేతిలో లేవు. చిన్న పనులు ఉన్నాయి.

ఈ తపస్సుకాలంలో ప్రతి కుటుంబం తన వంటింట్లోని వేరు గ్లాసును తీసివేయాలి. మాంసం మానడం కంటే ఇది దేవునికి ఇష్టమైన ఉపవాసం. యెషయా ప్రవక్త యాభై ఎనిమిదవ అధ్యాయం చదివి చూడండి.

చిన్న క్రైస్తవ సమాజాల జపకూటాలు ఎప్పుడూ వసతిగల ఇళ్ళలోనే జరుగుతుంటాయి. ఈసారి విచారణలోని బస్తీలో, ఒక్క గది ఇంట్లో పెట్టండి. ఆ ఇంటివారు ఇచ్చే టీ తాగి రండి. మనం పిలిచి పెట్టడం కాదు, వారు పెడితే తినడం ముఖ్యం.

విచారణ సలహా సంఘంలో, గాయకబృందంలో, పఠనాలు చదివేవారిలో, పండుగ ఖర్చుల లెక్కలు చూసేవారిలో ఎవరెవరు ఉన్నారో ఒకసారి చూసుకోండి. గుడి ఊడ్చేవారు ఎప్పుడూ ఒక వాడవారే, మైకు పట్టేవారు ఎప్పుడూ ఒక వాడవారే అయితే, అక్కడ ఏదో సరిచేయవలసి ఉంది.

గది అద్దెకు ఇచ్చేటప్పుడు, మనిషి ప్రవర్తన చూడండి, అద్దె సకాలంలో కడతాడా చూడండి. ఇంటిపేరు వెనుక తవ్వకండి.

చట్టం తెలుసుకోండి. అత్యాచార నిరోధక చట్టం ఏం చెబుతుందో, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో మన యువజన సంఘంలో ఒక న్యాయవాదిని పిలిపించి చెప్పించండి. పల్లెలలో నెలకొకసారి అధికారులు జరపవలసిన పౌరహక్కుల దినం జరుగుతోందో లేదో, మీ స్వగ్రామానికి వెళ్ళినప్పుడు అడగండి. నవంబరులో దళిత విమోచన ఆదివారం వస్తుంది. దానిని ఒక విన్నపంతో సరిపెట్టకుండా, ఒక పనితో గుర్తుంచుకోండి.

మీ పిల్లలతో మాట్లాడండి. బడిలో ఒక పిల్లవాడిని కులం పేరుతో ఎగతాళి చేస్తే పక్కన నిలబడమని చెప్పండి. ఇయాన్ గ్రిల్లట్ కథ చెప్పండి, భాగ్యరెడ్డి వర్మ బడుల కథ చెప్పండి. పిల్లలు మన ప్రసంగాల కంటే మన గ్లాసులను ఎక్కువ గమనిస్తారని మరువకండి.

సోదరీ సోదరులారా! దివ్యబలిపూజలో గురువు పైకెత్తే పానపాత్ర ఒక్కటే. పెద్దవారికొకటి, చిన్నవారికొకటి అని రెండు పాత్రలు పీఠం మీద లేవు. కడరా భోజన సమయంలో ప్రభువు ఆ ఒక్క పాత్రనే అందరికీ అందించారు. తనను అప్పగించబోయే యూదా సైతం అక్కడే కూర్చున్నాడు. ఆదివారం ఒక్క పాత్ర దగ్గర మోకరించి, సోమవారం ఇంట్లో రెండు గ్లాసులు పెట్టుకుంటే, మనం పూజించినది ఎవరిని? నారాయణగూడ సమాధుల తోటలో మన తాత ముత్తాతలు ఒకే మట్టిలో నిద్రిస్తున్నారు. ఆ మట్టి ఎవరినీ మీరు ఏమోళ్ళని అడగలేదు. మనం ఆ మట్టి కంటే ముందే, బతికి ఉండగానే ఒకటి కావద్దా?

సమరియ స్త్రీ తన కడవను బావి దగ్గరే వదిలి ఊరిలోకి వెళ్ళిందని యోహానుగారు వ్రాశారు. ఆమె వదిలిన ఆ కడవ ఇప్పటికీ మన ముందు ఉంది. ప్రభువు మన ఇంటికి వచ్చి దాహమంటున్నారు. ఒక్కొక్కసారి అంట్లు తోమే అమ్మ రూపంలో, మెట్ల మీద నిలబడిన విద్యార్థి రూపంలో, మన బిడ్డ మనసుకు నచ్చినవారి రూపంలో వస్తున్నారు. ఆయనకు ఏ గ్లాసులో ఇస్తాం?

ఓ ప్రభువా! మా ఇళ్ళలో మేము దాచిపెట్టుకున్న రెండవ గ్లాసును మాకు చూపించండి. దానిని తీసివేసే ధైర్యం మాకివ్వండి. మీ ఒక్క పాత్ర దగ్గర మమ్ములనందరినీ ఒకే కుటుంబంగా కూర్చోబెట్టండి. ఆమెన్.